ముఖం లేని ఆసామి

సన్యాసమ్మకు నలభై ఒకటో ఏడు. పొద్దున్నే నిప్పుకొన నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చనిదే ఆమెకు చేతులు ఆడవు. రాయగెడ్డ రాజావారి కొలువులో తాంబూలం పళ్లెం అందించే పని.

ఒకరోజు అమెరికా దొరసాని ఒకావిడ రాజావారికి ఒక బొమ్మ కానుకిచ్చింది. వాళ్ల దేశపు చిత్రకారుడెవరో పెద్ద పటం వేసేముందు పెన్సిలుతో గీసి చూసుకున్న నమూనా అది. కథ వాళ్ల మతగ్రంథంలోది. ఒక విధవ కోడలు అత్తకింత తిండి పెట్టడానికి పరాయి పొలంలో పరిగె, అంటే కోతలప్పుడు రాలిన వెన్నులు, ఏరుకుంటోంది. పక్కన పొలం ఆసామి నిలబడ్డాడు. తలపాగా ఉంది, గడ్డం ఉంది. మధ్యలో ముఖం మాత్రం గీయలేదు.

"ఆమె కోసం కావాలనే నాలుగు వెన్నులు వదిలెయ్యమని కోతగాళ్లకు చెప్పాడట ఈ ఆసామి. తరవాత ఆమెనే మనువాడాడట. అంతటి ధర్మాత్ముడు నా కొలువులో ఉంటే అతని ముఖమే ఇక్కడ గీయిస్తాను," అన్నారు రాజావారు.

కొలువంతా మీసాలు సవరించుకుంది. ఒంగి ఏరుతున్న ఆడమనిషికి ముఖముందో లేదో ఎవరూ చూడలేదు.

"గీయించండి ప్రభూ, ఇదిగో కూర్చున్నాను," అంటూ దివాను కోదండం పంతులు ముందుకొచ్చి కూర్చున్నాడు, తనకు నచ్చిన చెంప అందరికీ కనపడేలా.

సన్యాసమ్మకు నవ్వు రాలేదు. పరిగె ఏరడం దొంగతనమేనని నిన్ననే ఈ పంతులు నలభై మంది ఆడవాళ్ల బుట్టలు లాక్కుని కొట్లో వేయించాడు. అందులో ఆమె విధవ కోడలి బుట్టా ఉంది. ఇంట్లో ఎసట్లో పోయడానికి గింజ లేదు. రాజావారికి ఇదేమీ తెలియదు. పంతులికి అదే ధైర్యం.

ఆమె తాంబూలం అందిస్తూ అమాయకంగా అడిగింది.

"పంతులుబాబూ, మీరు పరిగె ఏరుకోనిత్తారా?"

"ఎంత మాట! ఆడదాని బుట్ట ముట్టుకున్నవాడి చెయ్యి విరిచేస్తాను!"

"ఇన్నారా మారాజా?"

"విన్నాను. ఒట్టేనా పంతులూ?"

"ఒట్టు ప్రభూ!"

సన్యాసమ్మ పళ్లెం కింద పెట్టింది.

"అయితే బాబూ, కొట్లో మా ఆడోళ్ల బుట్టలు నలభై ఉన్నాయి. అయి లాక్కున్నోడి సెయ్యి ఇరిసేసొచ్చి కూకోండి. బొమ్మ ఎక్కడికీ పోదు."

పంతులు రెండు చేతులూ ఉత్తరీయంలో దాచుకున్నాడు.

"అవి... అవి నింపి ఇద్దామనే తెప్పించాను ప్రభూ!"

"మంచిది. మీ గాదెలోంచే నింపండి," అని రాజావారు పగలబడి నవ్వారు. కొలువు ఆయన్ని మించి నవ్వింది. పరిగె ఏరుకునే ఆడవాళ్లకు ఎవరూ అడ్డుపడకూడదని అప్పటికప్పుడే చాటింపు వేయించి, సన్యాసమ్మకు పట్టుచీర ఇచ్చారు.

మరుసటి ఏడు సన్యాసమ్మ తన కోడలికి మారుమనువు చేసింది. దివానుగారిని పిలవలేదు.