ఎద్దు మేసిన వేళ, మనిషి తిన్న వేళ

అనగనగా, చెరకు తోటల నడుమ ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో సన్యాసినాయుడనే బెల్లం వ్యాపారి ఉండేవాడు. పేరుకే సన్యాసి, ఆశకు మాత్రం అంతులేదు. అలాగని చెడ్డవాడు కాదు. తన గానుగ ఎద్దంటే ప్రాణం పెట్టేవాడు.

ఒకనాడు కోట నుంచి కబురు వచ్చింది. రాకుమారి పెళ్లికి బంగారు రంగు బెల్లం కావాలట. రాజుగారికి నచ్చితే ఏటా నాయుడి బెల్లమే కొంటారు. నచ్చకపోతే మళ్లీ ఆ కోట గుమ్మం తొక్కనక్కర్లేదు. నాయుడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కూలివాళ్లు పొయ్యి పక్కనే కూర్చుని సద్దిమూటలు విప్పారు. అది చూసి నాయుడి కడుపు మండింది. తాను ఇంట్లో పప్పూ పులుసూ కలుపుకుని తిని, కునుకు తీసి వచ్చిన సంగతి ఆయనకు గుర్తు రాలేదు. రేపటి నుంచి తిండి తినే సేపటికి కూలి గింజలు కోసేస్తానని చెప్పేశాడు.

పాకం కాచే సింహాచలం నెమ్మదైన మనిషి. "సరే బాబూ. కూలి లేని వేళ మాదే కదా, కాలవ గట్టున నీడలో తినేసి వస్తాం" అన్నాడు.

అన్నట్టే మర్నాడు అందరూ కాలవ గట్టుకు వెళ్లారు. ఇన్నాళ్లూ వాళ్లు ఒక చేత్తో ముద్ద తింటూనే ఇంకో చేత్తో గేదెలను అదిలించేవారు. ఇప్పుడు అదిలించే దిక్కు లేదు. ఊరి గేదెలన్నీ చెరకు కుప్ప మీద పడి సగం నమిలేశాయి.

నాయుడు లబోదిబోమన్నాడు. తిండి మానేసి పనిచేసిన వాళ్లకు నిండు కూలి ఇస్తానని ఆశ పెట్టాడు. ఇంట్లో పిల్లలకు గింజలు కావాలి కదా, పాపం మర్నాడు అందరూ పస్తుండి పనిచేశారు. పొద్దు వాలేసరికి సింహాచలానికి కళ్లు తిరిగాయి, చేతిలో తెడ్డు ఆగింది, పాకం అడుగంటింది. బెల్లం నల్లగా, చేదుగా దిగింది.

కోటకు పంపడానికి ఇక ఒక్క రోజే మిగిలింది. ఆ రోజూ కూలివాళ్లు పస్తులతోనే పనికి దిగారు. మధ్యాహ్నం కాగానే ఎద్దు అలవాటుగా ఆగిపోయింది. నాయుడు దాన్ని విసుక్కోలేదు. కాడి దించి, నీళ్లు పెట్టి, పచ్చి మేత వేసి వీపు నిమిరాడు. "తిను నాన్నా, నువ్వు తింటేనే కదా గానుగ తిరిగేది" అన్నాడు.

కూలివాళ్లు గుటకలు మింగుతూ చూస్తున్నారు. ఎద్దు మేత ముట్టలేదు. తలెత్తి మనిషిలాగే మాట్లాడింది.

"అయ్యా, నేను మేసే సేపు గానుగ ఆగుతుంది. అలా ఆగిందని సాయంత్రం నా గడ్డిలో ఎన్నడైనా ఒక్క పిడికెడు తగ్గించారా? మరి వీళ్లకెందుకు తగ్గించారు?"

నాయుడు ఎద్దు ముఖం చూశాడు, సింహాచలం ముఖం చూశాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు. తానే వెళ్లి, వాళ్లు సాయంత్రానికని మూలన దాచుకున్న సద్దిమూటలు తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు.

"తినండర్రా, తీరిగ్గా తినండి. ఈ వేళక్కూడా కూలి ఇస్తాను. మొన్న కోసింది కూడా ఇచ్చేస్తాను" అన్నాడు.

అందరూ కడుపునిండా తిన్నారు. సింహాచలం గోంగూర పచ్చడి కలిపిన ముద్దొకటి నాయుడి చేతిలో పెట్టాడు. అంత రుచైన తిండి నాయుడు తన ఇంట్లోనూ ఎరగడు. తిన్నాక అందరికీ ఒంట్లోకి సత్తువ వచ్చింది. గానుగ హాయిగా తిరిగింది, తెడ్డు చకచకా ఆడింది, పొద్దుగూకేలోగా బంగారు రంగు బెల్లం దిగింది. రాజుగారు రుచి చూసి మెచ్చుకుని, ఏటా అదే పంపమన్నారు.

కాబట్టి పిల్లలూ, పనివాడు అన్నం తినే వేళ కూడా పని వేళే. ఆ కూలి కోసిన యజమాని తన పనినే కోసుకుంటాడు.