ఈత మాస్టారి పాత చెరువు

ఆ ఏడు పెదమడుగు చెరువులో ఎటు చూసినా పిల్లలే. బాతుపిల్లలు, నీటికోడి పిల్లలు, తెల్లారడం ఆలస్యం, నీళ్ళలో ఒకటే గోల. చుట్టుపక్కల చెరువుల పిల్లలందరికీ ఈతపందెం పెడుతున్నారని కబురొచ్చిన దగ్గర్నుంచీ తల్లులకి కంటిమీద కునుకు లేదు. మన పిల్లలకి నేర్పేవాళ్ళేరీ అని ఒకటే గొడవ.

సరిగ్గా అప్పుడు దిగాడండీ, నీటికుక్క.

అబ్బబ్బ, ఏం ఈత! గట్టు మీంచి నీళ్ళలోకి జారితే చప్పుడు లేదు, చుక్క చిందలేదు. ఈ ఒడ్డున మునిగి ఆ ఒడ్డున తేలాడు. వెల్లకిలా ఈదాడు, గిరగిరా తిరుగుతూ ఈదాడు. చెరువు చెరువంతా నోరెళ్ళబెట్టింది. ఓ ముసలికొంగ అయితే పట్టుకున్న చేపని వదిలేసి మరీ చూసింది. ఉన్నమాట చెప్పుకోవాలి, అంత అందమైన ఈత ఆ చెరువు ఎన్నడూ ఎరగదు.

"ఎర్రకుంట పిల్లలకి నేర్పి వస్తున్నాను. నేను తినేది చేపలే, నాకేమీ పెట్టక్కర్లేదు. పిల్లలంటే ప్రాణం నాకు" అన్నాడు నీటికుక్క ఒళ్ళు దులుపుకుంటూ.

ఆ చెరువుకి పెద్ద గూడబాతు. సంచిలాంటి మూతి, ఆ సంచినిండా మాటలు. "మన పంట పండింది! మాస్టారూ, రేపట్నుంచే మొదలెట్టండి" అన్నాడు.

బురదలోంచి తాబేలు మామ్మ తల ఎత్తింది. "ఈత చూశాం, బాగుంది. మరి ఈయన సంగతి ఎవరైనా కనుక్కున్నారా?"

"కళ్ళెదురుగా కనబడుతుంటే ఇంకేం కనుక్కోవాలి మామ్మా?"

"కనబడింది ఈతేగా నాయనా. ఎర్రకుంటకి వెళ్ళి ఓ మాట అడిగి రండి."

రెక్కలున్న ప్రతివాళ్ళకీ ఏదో ఒక పని అడ్డొచ్చింది. ఒకళ్ళకి గూడు, ఒకళ్ళకి చుట్టాలు, ఒకళ్ళకి మెడ పట్టేసింది. నీటికుక్క ముఖం మాడ్చుకున్నాడు. "నన్ను అనుమానించే చోట నేనుండను. వెళ్ళిపోతాను!"

గూడబాతు కంగారుపడి అతని కాళ్ళావేళ్ళా పడ్డాడు. "అయ్యో, ముసలావిడ మాట పట్టించుకోకండి మాస్టారూ!"

"అయితే ఆ ముసలిదే వెళ్తుంది" అంది మామ్మ. గట్టెక్కబోతూ వరాలు అనే బాతు దగ్గర ఆగింది. వరాలు కూతురు గవ్వ, ఆ చెరువు పిల్లలందరిలోకీ చురుకైనది. నీటికుక్క చూపు అప్పుడే దాని మీద పడింది.

"అమ్మాయ్ వరాలూ, నేను తిరిగొచ్చేదాకా నీ పిల్లని ఒంటరిగా ఆయన వెంట పంపకు. అందరితోపాటు, అందరి ఎదుటా నేర్పితే నేర్పనీ."

"సరే మామ్మా" అంది వరాలు.

ఆ నడక చూడాలి మీరు! చెరువు తప్ప లోకం తెలియని ముసలి తాబేలు చేలగట్లు ఎక్కింది, కాలవ దాటింది, ట్రాక్టర్ చక్రాల గాడిలో పడి వెల్లకిలా తన్నుకుంది, మళ్ళీ లేచింది. ఎండకి డిప్ప పెనంలా కాలిపోతున్నా ఆగలేదు. దారిలో ఉడతలు ఆగి వింతగా చూశాయి.

ఎర్రకుంట పెద్ద, నారాయణపక్షి, ఒంటికాలి మీద నిలబడి మర్యాదగా మాట్లాడాడు. "ఆయనా? మహా గొప్ప ఈతగాడమ్మా. అలాంటివాడు దొరకడం మీ అదృష్టం."

మామ్మ మనసు కుదుటపడింది. ఇంతదూరం వచ్చాం కదా, ఓ మునకేసి పోదామని కుంటలో దిగింది. కాసేపు అడుగున సేదతీరి, ఊపిరికోసం పైకొచ్చింది. నున్నటి నల్లటి తల నీళ్ళలోంచి లేచిందో లేదో, చుట్టూ ఉన్న బాతుపిల్లలు కెవ్వుమని కేకేసి ఒడ్డుకి పరుగెత్తి, తల్లుల రెక్కల కింద దూరి గజగజ వణికిపోయాయి.

మామ్మ నిశ్చేష్టురాలైంది. నీళ్ళలో పుట్టిన పిల్లలు నీళ్ళలో లేచిన తలని చూసి భయపడటమా!

మెల్లగా ఒడ్డుకి చేరి, తల డిప్పలోకి లాక్కుని కూర్చుంది. ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఓ బాతుపిల్ల బితుకుబితుకుమంటూ దగ్గరికొచ్చింది.

"నువ్వు మాస్టారివి కాదుగా?"

"కాదు తల్లీ. తాబేలు మామ్మని. ఇదిగో నా డిప్ప, ముట్టుకుని చూడు."

ముట్టుకుంది. అప్పుడు చెప్పింది. "మాస్టారు ఒక్కొక్కళ్ళనే తుంగ వెనక్కి తీసుకెళ్ళేవాడు. కాలు పట్టి కిందికి లాగేవాడు. అమ్మకి చెప్తే ఈసారి వదలను అనేవాడు. మా అన్నని వదల్లేదు."

పక్కనే ఉన్న తల్లులు రాయిలా నిలబడిపోయారు. పాపం, పిల్లాడు దారి తప్పాడనుకున్న వాళ్ళకీ ఇప్పుడే తెలిసింది. మామ్మ నారాయణపక్షి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

నారాయణపక్షి ఎత్తిన కాలు కింద పెట్టాడు. "అనుమానం వచ్చిందమ్మా. నలుగురికీ తెలిస్తే చెరువు పరువు పోతుందని, గుట్టుగా పొమ్మన్నాను. ఎవరడిగినా తన గురించి మంచిగా చెప్తేనే పోతానన్నాడు."

"ఆ మంచి మాట పట్టుకునే మా పిల్లల్లో చేరాడయ్యా!" అంది మామ్మ. "వాడు గవ్వ మీద కన్నేశాడు. ఈ కాళ్ళతో నేనెప్పటికి చేరతాను? తల్లుల్లారా, మీకు రెక్కలున్నాయి!"

అన్నని పోగొట్టుకున్న ఆ పిల్ల తల్లి ముందు లేచింది. ఆ వెనకే ఇంకో తల్లి. ఆపైన కుంట కుంటంతా లేచింది. కదిలిస్తే తప్ప రెక్క విప్పని నీటికోళ్ళు కూడా లేచాయండీ! ఆకాశం నల్లబడింది. ఆ రెక్కల హోరుకి మామ్మ అలాగే తల ఎత్తి ఉండిపోయింది, కళ్ళ నీళ్ళు కారిపోతుంటే.

ఇక్కడ పెదమడుగులో పందెం దగ్గరపడింది. "గవ్వకి విడిగా నేర్పకపోతే గెలవదు. మీకిష్టం లేకపోతే నా దారి నేను చూసుకుంటా" అని నీటికుక్క బిగుసుకు కూర్చున్నాడు. "చెరువు మొత్తానికి అన్యాయం చేస్తావా వరాలూ?" అని గూడబాతు పొద్దస్తమానం పోరు పెట్టాడు. వరాలు ఎంతకని తట్టుకుంటుంది? ఆఖరికి, "జాగ్రత్తమ్మా" అంటూ పిల్లని వదిలింది.

నీటికుక్క ముందు, గవ్వ వెనక. తుంగ దగ్గరపడింది. వరాలు కాళ్ళు నీళ్ళలో ఆడటం మానేశాయి.

అంతలో నెత్తిమీద హోరు. ఎర్రకుంట తల్లులు నీటికుక్కకీ గవ్వకీ మధ్య ధబధబా దిగారు. "వీడే! మా పిల్లని మింగినవాడు వీడే!"

వరాలు ఎలా ఈదిందో దానికే తెలియదు. రెప్పపాటులో పిల్లని రెక్క కిందికి లాక్కుంది.

నీటికుక్క బుడుంగున మునిగాడు. ఏం లాభం? ఎంతటి ఈతగాడైనా ఊపిరికి పైకి రావాలిగా! ఎక్కడ తల ఎత్తితే అక్కడ ఓ తల్లి పొడిచింది, నెత్తిమీద వందమంది కేకలేశారు. చివరికి గట్టెక్కి పొలాలకి అడ్డం పడి పరుగు తీశాడు. పక్షులు వదల్లేదు. వాడు ఏ చెరువువైపు తిరిగితే ఆ చెరువుకి వాడికన్నా ముందు వాడి కథ చేరింది.

మామ్మ ఇంటికొచ్చేసరికి పందెం కూడా అయిపోయింది. గవ్వ ఎదురెళ్ళి ఆమె డిప్పకి ఆనుకుని కూర్చుంది. గూడబాతు తలొంచుకుని వచ్చాడు.

"తప్పయిపోయింది మామ్మా. ఇదిగో, వచ్చే ఏటి పందేనికి పిల్లలకి కొత్త మాస్టారొచ్చాడు. నీటికాకి. చాలా నెమ్మదస్తుడు."

"ఏ చెరువు నాయనా నీది?" అంది మామ్మ.

"తుమ్మలబోడు, మామ్మా" అన్నాడు నీటికాకి. "వెళ్ళి అడిగిరా, అందాకా నేను నీళ్ళలో దిగను. ఈ గట్టుమీదే కూర్చుంటా."

మామ్మ ఇంకా కాళ్ళ దుమ్మయినా కడుక్కోలేదు. వచ్చిన దారినే మళ్ళీ గట్టెక్కింది.

"ఆగు మామ్మా" అంది వరాలు రెక్కలు విప్పుతూ. "ఈసారి నేను వెళ్తాను."

మీ పిల్లల్ని ఒకరి చేతిలో పెట్టేముందు, వాళ్ళు వదిలొచ్చిన చోట పెద్దల్ని అడిగి ఊరుకోకండి, పిల్లల్ని కూడా అడగండి.