ఒకే గొంతు బడి

గుట్ట కింద మేకల దొడ్డిలో కూడా బడి పెట్టారంటే, చదువు పిచ్చి ఎందాకా పాకిందో మీరే చూసుకోండి. ఆ బడిలో నేర్పింది సంగీతం. నేర్పింది చిలక. నేర్పించమన్నది పొట్టేలు. ఇక ఆ బడి ఎలా ఏడిసి ఉంటుందో వేరే చెప్పాలా?

అసలు ఆ దొడ్డి పద్ధతి ముందు తెలుసుకోవాలి. పొద్దున్నే తల్లిమేకలు గుట్టెక్కి మేతకు పోతాయి. పిల్లలు కంపకంచె లోపల ఉండిపోతాయి. సాయంత్రం మంద దిగి వచ్చేసరికి కళ్ళు కనపడనంత దుమ్ము లేస్తుంది. అప్పుడు తలుపు తీస్తారు. తల్లి ఒక అరుపు అరుస్తుంది, పిల్ల ఒక అరుపు అరుస్తుంది. అన్ని గొంతుల్లోనూ తన పిల్ల గొంతు ఏదో తల్లికి ఇట్టే తెలుస్తుంది. దగ్గరికొచ్చాక ఒకసారి వాసన చూసి, తనదే అని రూఢి చేసుకుని, పాలు చేపుతుంది. పరాయి పిల్ల మూతి పెట్టిందా, వెనక కాలితో ఒక్క తన్ను తంతుంది.

బొల్లి అనే మేకకి ఒక పిల్ల, పేరు సన్నోడు. కవల పిల్లల్లో ఒకటి పోగా మిగిలిన పిల్ల. కాళ్ళు పుల్లల్లా ఉండేవి. ఒక్క పూట పాలు అందకపోతే మరుసటి రోజు లేచి నిలబడేవాడు కాదు. పైగా వాడి గొంతు చీలిక గొంతు. ‘మే’ అని మొదలెడితే మధ్యలో ఎక్కిలి వచ్చినట్టు తెగి, మళ్ళీ పైకి లేచేది. ఆ గొంతు వినపడితే చాలు, బొల్లి గుట్ట మీద ఎక్కడున్నా పొదుగు బరువెక్కేది. సన్నోడు ఆకలేస్తేనే అరిచేవాడనుకోకండి. కడుపు నిండాక కూడా రాయెక్కి, తోక ఆడిస్తూ, తనకు తోచిన వరసలో పాడుకునేవాడు. తక్కిన పిల్లలూ చుట్టూ చేరి తలో వరసా అందుకునేవి. పగలంతా దొడ్డిలో అదే గోల.

ఆ గోల, మేకల మందకి పెద్దరికం వెలగబెడుతున్న పొట్టేలుకి నచ్చలేదు. ఆయన కొమ్ములు చాలా పెద్దవి. వాటి మధ్య ఉన్న చోటు మాత్రం కొంచెమే. పక్క దొడ్డివాళ్ళు వింటే మనల్ని ఏమనుకుంటారు అన్నదే ఆయన దిగులు. అలాంటి సమయంలో ఎక్కణ్ణుంచో ఒక చిలక వచ్చి కంచె గుంజ మీద వాలాడు. ఊళ్ళో సంగీతం పంతులుగారింట్లో ఏళ్ళ తరబడి పంజరంలో ఉన్నానని, సంగీతమంతా తన నాలుక మీదే ఉందని చెప్పుకున్నాడు. చెప్పనిదేమిటంటే, ఆ ఇంటికి వచ్చే శిష్యులంతా మొదటి వారమే మానేసేవాళ్ళు. కాబట్టి మన చిలక పండితుడి చెవిన పడినదల్లా మొదటి పాఠంలో మొదటి స్వరమే. దాన్నే పొడుగ్గా, వణుకు లేకుండా, తెల్లారిందాకా అనమన్నా అనగలడు. పొట్టేలు విని మురిసిపోయి అక్కడికక్కడే బడి తెరిపించాడు.

సన్నోడు బడికి వెళ్ళిన మొదటి రోజునే దెప్పించుకుని వచ్చాడు. పండితుడు వాణ్ణి లేపి పాడమన్నాడట. వాడు పాడితే తక్కిన పిల్లలతో కలిసి నవ్వాడట. మర్నాడు బొల్లి మేతకు పోకుండా నేరుగా గుంజ దగ్గరికి వెళ్ళి, మా వాడి పాటలో తప్పేమిటో చెప్పమని అడిగింది.

“అది పాట కాదు తల్లీ, కూత,” అన్నాడు చిలక, ముక్కు గుంజకేసి రాసుకుంటూ.

“మరి పాట ఏదండీ?”

“ఎవరు పాడినా, ఎన్నిసార్లు పాడినా ఒక్కలాగే వచ్చేది. అదీ కళ. పాడింది ఎవరో తెలిసిపోతోందంటే ఇంకా గొంతు మిగిలి ఉందన్నమాట. ఆ మిగిలినదాన్ని అరగదీయడానికే చదువు.”

“వినేవాళ్ళకి ఏమవ్వాలి?”

“వినేవాళ్ళకి ఏమీ అవ్వక్కర్లేదు. వాళ్ళు తల ఊపితే చాలు.”

పక్కనే పొట్టేలు తల ఊపాడు. ఊపి ఊరుకోకుండా ఒక కొత్త కట్టడి కూడా పెట్టాడు. సాయంత్రం తలుపు తీసినప్పుడు సంగీతం వచ్చిన పిల్లలు ముందు బయటికి పోవాలట, రానివాళ్ళు ఆఖరున. బొల్లి లెక్క వేసుకుంది. ముందు వెళ్ళిన బలిసిన పిల్లలు ఊరుకోవు. వాళ్ళ అమ్మల పాలు అయ్యాక పక్క పొదుగుల మీద పడి దొంగతనంగా జుర్రుతాయి. ఆఖరున వెళ్ళే సన్నోడికి నురగ మిగిలితే గొప్ప.

ఇక చేసేది లేక, ఆ పండితుడు చెప్పినట్టే అనరా నాయనా అని కొడుకుని బతిమాలింది. సన్నోడు పాపం తల్లి మాట కాదనలేక మెడ బిగబట్టి సాధన చేశాడు. కొన్నాళ్ళకి ఆ ఎక్కిలి పోయింది, ఆ చీలిక పోయింది. ఒక సాయంత్రం అందరికంటే ముందు బయటికి వచ్చి, చిలక మెచ్చుకునేలా నున్నగా ‘మే’ అన్నాడు. బొల్లి విని అటూ ఇటూ చూసింది. ఎవరి పిల్లో అనుకుంది. వాడు వచ్చి పొదుగు పట్టుకున్నాక, వాసన చూశాక గానీ తెలియలేదు. తెలిసినా, ఆ ఎక్కిలికే అలవాటు పడ్డ పొదుగు పాలు చేపలేదు. వాడు పొడుస్తున్నాడు, చీకుతున్నాడు, చుక్క రాదు. ఎక్కడో గొంతు కింద నొక్కిపెట్టిన ఎక్కిలి ఏడుపుతో పాటు బయటికి తన్నుకొచ్చింది. అది చెవిన పడగానే పాలు జలజలా దిగాయి.

బొల్లికి తన మీద తనకే అసహ్యం వేసింది. కొడుకు నుదురు నాకి, “రేపటి నుంచి నీ పాటే నువ్వు పాడుకో. ఆఖరున వచ్చినా సరే, నేను కూర్చుని ఉంటాను, ఎవడు మూతి పెడతాడో చూస్తాను,” అంది. అన్నట్టే ప్రతి సాయంత్రం పొదుగు నేలకి ఆనించి కూర్చునేది. సన్నోడి గొంతు వినపడ్డాకే లేచేది. బడిలో వాడికి మాత్రం సున్నా చుట్టారు. దొడ్డి మూల నిలబెట్టి, వీడిలా అవ్వకండని తక్కిన పిల్లలకి చూపించేవారు. తక్కిన తల్లులు కూడా, మా పిల్లలు ఎంత చక్కగా ఒక్కలా అంటున్నారో అని బొల్లి ముందు దీర్ఘాలు తీసేవి. పాడింది ఎవరన్నది తెలియకపోయినా, దగ్గరికి రాగానే వాసన ఉందిగా. వాసన పుణ్యమా అని బండి నడిచిపోతోంది. ఆ సంగతి తల్లులకి తట్టలేదు. పంజరంలో పెరిగిన పండితుడికి మందల వ్యవహారం ఎలాగూ తెలియదు. బొల్లి ఒక్కతే కనిపెట్టింది.

ఇంతలో బడి వార్షికోత్సవం వచ్చింది. పక్క దొడ్డి పొట్టేలుని కూడా పిలిచారు. చిలకా పొట్టేలూ ఏర్పాట్ల సంగతి మాట్లాడుకుంటుంటే బొల్లి వినయంగా తల వంచుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

“పండితులుగారూ, గొంతులన్నీ ఒక్కలా చేశారు, ఎంత ముచ్చటగా ఉందో. ఒళ్ళు మాత్రం ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కాస్త వేపనూనె పట్టిస్తే నిగనిగలాడవూ?”

చిలక పొంగిపోయాడు. ఇన్నాళ్ళకి ఈ మొద్దు మేకకి కళంటే ఏమిటో అర్థమైంది అన్నాడు. దొడ్డి వారగా గజ్జిమందుకని ఉంచిన వేపనూనె కుండ ఉండనే ఉంది. పిల్లలు ఒకదాన్నొకటి రాసుకుని ఒళ్ళంతా పూసుకున్నాయి. ఆఖరికి సన్నోడు కూడా పూసుకున్నాడు. మూల నుంచి కదలొద్దని వాడికి గట్టిగా చెప్పి పెట్టారు.

పొద్దు వాలింది. మంద దిగింది, దుమ్ము లేచింది. పిల్లలు వరసగా నిలబడి పొడుగ్గా, నున్నగా ఒక్క స్వరం అన్నాయి. పక్క దొడ్డి పొట్టేలు తల ఊపాడు. మన పొట్టేలు అంతకంటే గట్టిగా ఊపాడు. చిలక కళ్ళు మూసుకుని పరవశించాడు. తలుపు తీశారు.

అంతే. తల్లులు పరుగున వచ్చాయి, ఆగాయి, తెల్లమొహం వేశాయి. ఎటు విన్నా అదే గొంతు. పోనీ అని వాసన చూస్తే ఎటు చూసినా వేపనూనె. ఎర్రమేక నల్లపిల్లని తన్నింది. నల్లమేక తన పిల్లనే తన్నింది. పిల్లలు ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకి పరుగెత్తి, తన్నులు తిని, ఆకలికి వణుకుతూ మళ్ళీ ఆ నేర్పిన స్వరమే అన్నాయి. పాలు నిండిన పొదుగులు సలుపుతుంటే తల్లులు ఏడుపు మొదలెట్టాయి. ఒక్క చుక్క దిగితే ఒట్టు.

“పండితులుగారూ, మీరే కదా నేర్పారు. ఏ పిల్ల ఎవరిదో గొంతు విని చెప్పండి,” అంది బొల్లి.

చిలక ఈ చెవితో విన్నాడు, ఆ చెవితో విన్నాడు. “తెలియకూడదు. అదే నా విద్య,” అన్నాడు చివరికి నసుగుతూ.

“మీ విద్య చల్లగుండ. ఒరే సన్నోడా, పాడరా.”

మూల నుంచి ‘మే’ అని లేచి, మధ్యలో తెగి, ఎక్కిలి పడి, మళ్ళీ పైకి ఎగిరిన ఆ గొంతు దుమ్ములోంచి వచ్చింది. బొల్లి పొదుగు లోంచి పాలు నేల మీద కారాయి. సున్నా వచ్చిన ఆ పుల్లకాళ్ళ పిల్ల నూనె ఓడుతూ అందరి మధ్య నుంచి నడిచి వచ్చి, తల్లి కింద దూరి, గుటకలు వేస్తూ తాగింది. మొత్తం దొడ్డిలో కడుపు నిండింది వాడి ఒక్కడికే.

అది చూసి తక్కిన పిల్లలకి ఉక్రోషం వచ్చింది. చదువు గిదువు మరిచిపోయి నోరు తెరిచి ఏడ్చాయి. ఒకటి కీచుగా, ఒకటి బొంగురుగా, ఒకటి ముక్కుతో. ఎర్రమేక చెవులు నిక్కించి, ఇది నాదే అంటూ దూకింది. నల్లమేక ఇంకో వైపు దూకింది. చిలక గుంజ మీద గంతులేస్తూ శ్రుతి తప్పారు, పరువు తీశారు అని అరుస్తూనే ఉన్నాడు. వాడి మాట వినే తీరిక ఎవరికుంది?

దొడ్డి సద్దుమణిగాక పొట్టేలు గొంతు సవరించుకుని, తనకు మొదటి నుంచీ ఈ బడి మీద అనుమానమేనని పక్క దొడ్డి పొట్టేలుతో చెప్పాడు. ఆయనా తల ఊపాడు. సిగ్గు లేని జన్మలు.

“ఇది ఆకలి. కళ కాదు,” అన్నాడు చిలక, ఓడిపోయినట్టు ఒప్పుకోలేక.

కడుపు నిండిన సన్నోడు అప్పటికే రాయెక్కి, తోక ఆడిస్తూ, ఎవరూ అడగకుండానే తన వరస ఎత్తుకున్నాడు. పిల్లలన్నీ చేరి తలో గొంతూ కలిపాయి. పొదుగు ఖాళీ, దిగడానికి పాలు లేవు, పిలవడానికి పని లేదు. అయినా బొల్లి నెమరు ఆపేసి వింటూ నిలబడింది. తల్లులన్నీ నిలబడ్డాయి. ఒక్కటీ తల ఊపలేదు.

అప్పుడే జొన్నచేల మీదుగా చిలకల గుంపు గూళ్ళకి పోతోంది. తన కళ తెలిసినవాళ్ళ దగ్గరికే పోతానని పండితుడు రెక్క విదిల్చి, వాటి వైపు తిరిగి ఆ స్వరం పొడుగ్గా, వణుకు లేకుండా అన్నాడు. ఒక్క చిలకా వెనక్కి చూడలేదు. మళ్ళీ అన్నాడు. గుంపు గుట్ట దాటిపోయింది. ఇంకేం చేస్తాడు, ఊళ్ళోకి ఎగిరి, తలుపు తెరిచి ఉన్న పాత పంజరంలోకి తనంతట తానే దూరి, ముక్కుతో తలుపు లాక్కున్నాడు.

పాడింది ఎవరో తెలియకుండా చేసేది సంగీతమూ కాదు, అలా చేయడానికి పెట్టింది బడీ కాదు.