ఎడమకు చూసే తూనీగ

పాతకాలపు ఫ్రెంచి గాజు పూలకూజాలను గుర్తుపట్టడం నేర్పేటప్పుడు కనకవల్లి గారు శిష్యుల్ని కళ్లు మూసుకోమనేవారు. రంగు మీద రంగుగా గాజు పోసి, పై పొరను ఆమ్లంతో తినిపించి తీర్చిన పువ్వులూ పురుగులూ వేలికి తగలాలి. కన్ను తనకు కావలసిందే చూస్తుంది, దాన్ని నమ్మవద్దనేవారు. రెండు కూజాలు జంట అంటే మరీ నమ్మవద్దు, పక్కపక్కన పెట్టి చూడమనేవారు. కాకినాడలో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లలో చివరికి హైమవతి ఒక్కతే మిగిలింది. ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే.

ఒకనాడు ఆమె అడిగింది: "అమ్మా, ఇవ్వనని భీష్మించుకున్న మనిషి చేత ఇప్పించడమెలా?"

ఆ మనిషి యానాంలో ఉండే జోగినాథం గారు. బడిపంతులుగా రిటైరయ్యారు, భార్య పోయింది. ఫ్రెంచి దొరలు వెళ్లిపోతూ అమ్మేసిన సామానులో తండ్రి కొన్న తూనీగ బొమ్మ కూజా ఒకటి ఆయన అద్దాల బీరువాలో ఉంది. తన దగ్గరున్న తూనీగ కూజాకు అది జంట అని హైమవతి నమ్మకం. మూడేళ్లుగా నెలకో ఆదివారం బస్సెక్కి వెళ్లి అడుగుతోంది. "రండి రండి, లేదనడానికి సిద్ధంగానే ఉన్నానండి" అంటూ ఆయన కాఫీ కలుపుతారు. పొద్దు వాలేదాకా కబుర్లు. ఒక నెల జ్వరమొచ్చి ఆమె వెళ్లలేకపోతే, మరుసటి నెల "పోయినసారి మీ వాటా పాలు పిల్లికి పోశానండి" అన్నారు.

"నీ కూజా పట్టుకెళ్లి దాని పక్కన పెట్టు" అన్నారు కనకవల్లి గారు.

"దారిలో పగిలితే?"

"దానికి పాత చీర చుట్టు."

ఆ ఆదివారం హైమవతి కూజాకు చుట్టిన చీర మడతలు విప్పుతుంటే జోగినాథం గారి ముఖం వాడిపోయింది. బీరువా తెరిచి తన కూజా తెచ్చి బల్ల మీద పెట్టారు. జంటగా చేసినవైతే తూనీగలు ఎదురెదురుగా చూసుకోవాలి. ఇవి రెండూ ఎడమకే చూస్తున్నాయి. ఒకదాని వీపు చూస్తూ మరొకటి.

"మీకు తెలుసా?"

"మీరొచ్చిన మొదటి రోజే తెలుసండి. మీది ఎటు చూస్తుందో మీరే చెప్పారుగా." ఆయన కాఫీ గ్లాసుల వైపు చూశారు. "జంట కాదనేస్తే, మళ్లీ ఏం అడగడానికి వస్తారు?"

ఆ రోజు ఆమె కాఫీ తాగకుండానే లేచింది.

తిన్నగా కనకవల్లి గారింటికి వచ్చి, "మూడేళ్లు మోసం చేశాడమ్మా!" అంది.

ఆవిడ పాత చీర చుట్టలోంచి కూజాను తీసి, కళ్లు మూసుకుని తూనీగను వేలితో తడిమారు.

"ఆయన సంగతి సరే. పక్కపక్కన పెట్టి చూడమని నీకు మొదటి రోజే చెప్పానే. మూడేళ్లపాటు నువ్వు దీన్ని ఇల్లు కదలనివ్వలేదేం?"

కనకవల్లి గారు కూజాను తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇది నా దగ్గరుంటుంది. వచ్చే నెల చేతులూపుకుంటూ యానాం వెళ్లు."