యాక్సిడెంట్ అని రాసిన కాగితం

పత్రికల్లో పనికి కొత్తగా చేరినవాళ్లకి పాఠాలు చెప్పే పేరిశాస్త్రి గారు, మా రాతల్లో ఎన్ని తప్పులున్నా పల్లెత్తు మాట అనేవారు కాదు. 'యాక్సిడెంట్' అన్న మాట కనబడితే మాత్రం చదవడం అక్కడే ఆపి కాగితం తిప్పి ఇచ్చేసేవారు. ఒకనాడు తన కాగితంలో ఆ మాట దగ్గర ఆయన ఆగిపోతే, మాతోపాటు చేరిన సుజన ఉండబట్టలేక అడిగేసింది.

"అందులో తప్పేముంది మాస్టారూ? పోలీసులూ అదే రాస్తారు, జనమూ అదే అంటారు. ఎవరిది తప్పో తేలకుండా మనం మాత్రం ఇంకేం రాస్తాం?"

ఆయన వాదించలేదు. వాదనకి దిగి ఉంటే మాకు బాగుండేది, సుజనే గెలిచేది. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, తాను సబ్ఎడిటరుగా చేరిన ఏడాది జరిగింది చెప్పారు.

ఆయన పనిచేసే ఊళ్లో జనపనార మిల్లులో బాయిలరు పేలి ముగ్గురు పోయారు. పోలీసులు పంపిన చీటీలో ఉన్నదే ఆయన హెడ్డింగు చేశారు: 'మిల్లులో యాక్సిడెంట్ – ముగ్గురి మృతి'. మూడోనాడు, పోయినవాళ్లలో ఒకడి భార్య, ఎర్రయ్యమ్మ, ఆఫీసుకి వచ్చింది. ఏడవలేదు.

"ఆవిరి పోయే మూత లెగవకుండా తీగెట్టి కట్టీసినారు బాబూ. ఇప్పమని మా ఆయన మేనేజరుకి రెండు మాట్లు సెప్పినాడు. పక్క బాయిలరికీ అలగే కట్టున్నాది. సోమారం నుంచి దానికాడ మా మరిదినెట్టినారు. పేపర్లో పడితే ఇప్పుతారు. ఇంకేటీ అడగను."

శాస్త్రి గారు ఆమె చెప్పిందంతా రాసి ఎడిటరు ముందు పెట్టారు. ఎడిటరు మంచివాడే, అదే మన ఖర్మ. రెండుసార్లు చదివి, నిట్టూర్చి, "యాక్సిడెంటని మనమేగా వేశాం. ఇవాళ ఇది వేస్తే మొన్న అబద్ధం రాశామని మనమే ఒప్పుకున్నట్టు. ఎంక్వయిరీ తేలనీ" అన్నాడు. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూచున్న ఎర్రయ్యమ్మకి "చూస్తామమ్మా" అని శాస్త్రి గారే చెప్పి పంపేశారు. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట మా వృత్తిలో లేదు.

అవి సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజులు. పేజీ అచ్చయ్యాక అక్షరాలన్నీ విప్పి ఏ అక్షరం గదిలో దాన్ని వెయ్యాలి. కానీ తరచూ పనికొచ్చే హెడ్డింగుల్ని ఫోర్‌మన్ బంగారయ్య విప్పేవాడు కాదు. దారం చుట్టి ఓ పక్కన పెట్టుకునేవాడు, మళ్లీ పేర్చే శ్రమ తప్పుతుందని. రెండు వారాలకి రెండో బాయిలరూ పేలింది. శాస్త్రి గారు హెడ్డింగు రాయడానికి కలం తీసేసరికే బంగారయ్య ఆ కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"రాయక్కర్లేదు బాబూ, సిద్ధంగా ఉంది. 'ముగ్గురి' తీసి 'ఒకరి' పెడితే చాలు."

మా గదిలో సుజనే మళ్లీ అడిగింది. "ఆవిడ మళ్లీ వచ్చిందా మాస్టారూ?"

"ఎందుకొస్తుందమ్మా? నేనే వెళ్లాను. మరిది శవం ఇంకా ఇంటికి రాలేదు. నన్ను గుర్తుపట్టి, 'ఈ పాలి ఏటి రాసినారు బాబూ?' అని అడిగింది."

"ఏం చెప్పారు?"

శాస్త్రి గారు కళ్లజోడు పెట్టుకుని సుజన కాగితం ఆమె వైపు జరిపారు.

"ఆవిడకి చదువు రాదు. అందుకని అబద్ధం చెప్పాను."