పస్తు పడుకున్న పండిత నక్క

మా అడవి నక్కల్లో నా అంత చదువరి లేడని నేనే చెప్పుకు తిరుగుతుంటాను. వేరేవాళ్లెవరూ చెప్పరు మరి, ఏం చేసేది! ఊరిచివర గడ్డివాములో చుక్కలపెట్ట పొదుగుతోందని తెలిసి పొద్దున్నే వెళ్లి ఎదురుగా కూచున్నాను.

“లేవమ్మాయ్, గుడ్లు తినాలి.”

పెట్ట గడగడ వణికింది. లేవలేదు మాత్రం. “తిందురుగాని పండితులుగారూ. ఈ సొనలోంచి కాళ్లూ కళ్లూ ఎలా వస్తాయో మీకు తెలిసే ఉంటుందిగా?”

“ఓస్, అదెంత!” అన్నాను. నాకు తెలిసింది గుండుసున్నా.

“అయితే దీన్ని ఎండకెత్తి చూడండి,” అని ఒక గుడ్డు ముందుకు నెట్టింది.

చూశాను. ఎర్రటి దారాలు, మధ్యలో ఆవగింజంత చుక్క. ఆ చుక్క కొట్టుకుంటోంది! ఒళ్లింకా సరిగ్గా ఏర్పడనేలేదు, గుండె అప్పుడే పనిలో దిగిపోయింది. ఓరి దేవుడా, ఆకలి మరిచిపోయాను.

“రేపు కన్ను కనిపిస్తుంది,” అంది పెట్ట. “ఇవాళే తినేస్తే రేపేం చూస్తారు? మీ ఇష్టం.”

ఆ ‘రేపు’ నా కొంప ముంచింది. కన్ను చూశాను. రెక్క కోసం ఆగాను. లోపల కాళ్లు తన్నుకుంటుంటే మురిసిపోయాను. పెట్ట మేతకెళ్తే గుడ్లకు కాపలా కూడా కాశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! “వేటకెళ్లి పాఠాలు మోసుకొస్తావా, నీ మొహం మండా!” అని మా ఆవిడ తిట్టిపోసింది.

చివరికి పెంకులు పగిలాయి. మెత్తటి పసుపు ముద్దల్లా పిల్లలు.

“పరిశోధన పూర్తయింది. ఇక భోజనం,” అని నోరు తెరిచాను.

పెట్ట వాటిని రెక్కల కింద దాచుకుంది. “పూర్తయిందా? వీటిలో పుంజేది, పెట్టేది?”

అటు చూశాను, ఇటు చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తెలీదనడానికి నామోషీ. “తొందరపడి తేల్చడం పండిత లక్షణం కాదు,” అన్నాను.

“అయితే నెత్తిన జుట్టు మొలిచేదాకా ఆగండి.”

ఆగాను. జుట్టు మొలిచింది, రెక్కలూ ముదిరాయి. ఒకనాడు తెల్లారుతుండగా పిల్లల్లో ఒకడు పక్కనున్న పశువులపాక మీదికెగిరి “కొక్కొరొకో!” అన్నాడు.

“అదిగో, అదే పుంజు!” అని గంతులేశాను.

తల్లితో సహా అన్నీ అప్పటికే నాకందకుండా పాక మీదున్నాయి. “శభాష్ పండితులుగారూ, సరిగ్గా చెప్పారు!” అంది పెట్ట పైనుంచి.

నీతి: అంతా తేలాకే తింటానన్నవాడికి తెలివి దక్కితే దక్కుతుందిగానీ తిండి దక్కదు.