తుమ్మెద ఇచ్చేసిన బిడ్డ

రెండు కొండల నడుమ, ఒక చిన్న ఏటికి అటూ ఇటూ పరుచుకొని నల్లమద్ది అడవి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, ముళ్ళపందులు, కొండముచ్చులు ఉండేవి. ఏనుగుల మంద ఒకటి ఉండేది. రాళ్ళ గుట్టల్లో ఎలుగుబంట్లు కాపురముండేవి.

ఆ ఎలుగుబంట్లలో తుమ్మెద అనే పడుచుది ఒకతి. తేనెపట్టు ఎంత దూరంలో ఉన్నా వాసన పట్టేసేది కాబట్టి అందరూ ఆమెను అలా పిలిచేవారు.

ఒక చలికాలంలో తుమ్మెదకు తొలి కానుపు అయింది. ఒక్కడే కొడుకు. మినపగింజలా నల్లగా, గుండ్రంగా ఉన్నాడని వాడికి మినుము అని పేరు పెట్టుకుంది. మూడు నెలలు వాడు గుహలోనే పాలు తాగి పడుకున్నాడు. నాలుగో నెలలో వాణ్ణి వీపు మీద ఎక్కించుకొని అడవి చూపించడానికి బయలుదేరింది.

ఎండాకాలం మొదట్లో వేటగాళ్ళు పన్నిన తీగ ఉచ్చులో తుమ్మెద కుడిచెయ్యి ఇరుక్కుంది. పగలంతా గింజుకొని ఎలాగో బయటపడింది గాని, తీగ ఎముక దాకా కోసేసింది. పుండు చీము పట్టింది. ఎలుగుబంటి చేత్తో తవ్వితేనే పుట్టలోని చెదలు నోటికి అందుతాయి. తవ్వలేని తుమ్మెద రాలిన ఆకులు కెలుక్కుంటూ తిరిగింది. పది రోజులకు పాలు ఎండిపోయాయి.

మినుము మొదట గట్టిగా ఏడ్చాడు. తర్వాత సన్నగా మూలిగాడు. ఒకరోజు పొద్దున అసలు ఏడవలేదు. అప్పుడు తుమ్మెదకు భయం వేసింది.

దగ్గర్లోని రాళ్ళ గుట్ట మీద కాటుక అనే నడివయసు ఎలుగుబంటి ఉంది. గుహ కప్పు కూలి, ఆమె పిల్లలిద్దరూ కొద్ది రోజుల కిందటే పోయారు. పాలు మాత్రం ఇంకా ఇంకలేదు. తుమ్మెద మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ, కొడుకును నోట కరుచుకొని ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, వీడికి పాలివ్వు," అంది.

కాటుక వెంటనే పాలిచ్చింది. వాడు కడుపు నిండా తాగాడు. అప్పుడు కాటుక అంది: "ఇవాళ ఇస్తాను, రేపు ఇస్తాను. తర్వాత నువ్వు తీసుకుపోతే నేను బతకలేను చెల్లీ. ఇద్దరిని పోగొట్టుకున్నాను. ఇస్తే పూర్తిగా ఇవ్వు."

ఆ అడవిలో బిడ్డను ఇచ్చి పుచ్చుకోవాలంటే ఏనుగుల మందకు పెద్దయిన ఏనుగవ్వ ఎదుటే జరగాలి. ఏనుగవ్వ ఇద్దరి మాటలూ విని తుమ్మెద వైపు తిరిగింది.

"ఇచ్చాక వాడు నీ బిడ్డ కాడు తల్లీ. రేపు చెయ్యి బాగైందనో, మనసు మారిందనో వస్తే వాణ్ణి ఇప్పించలేను. రెండు రోజులు ఆలోచించుకో."

"రెండు రోజులు వాడు ఆగడవ్వా," అంది తుమ్మెద.

ఒప్పుకున్నందుకు గుర్తుగా మద్దిచెట్టు బెరడు మీద గోళ్ళతో గీయాలి. తుమ్మెదకు కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేత్తో గీసింది. గీసి, వెనక్కి చూడకుండా ఏరు దాటి అవతలి కొండకు వెళ్ళిపోయింది. ఇక్కడే ఉంటే వాడి గొంతు వినపడుతుందని ఆమె భయం.

పుండు మానడానికి వానాకాలమంతా పట్టింది. వేళ్ళు కొంచెం వంకర పోయాయి గాని చెయ్యి మళ్ళీ తవ్వసాగింది. ఒళ్ళు చేసింది. కడుపు నిండిన రోజుల్లోనే తుమ్మెదకు కొడుకు ఎక్కువ గుర్తొచ్చేవాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, వీపు ఒకసారి కదిపి చూసుకునేది. వీపు తేలిగ్గా ఉండేది.

చలి మొదలయ్యే వేళకు ఆమె ఉండబట్టలేకపోయింది. వాదయ్య అనే కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది. ఎవరి తగవునైనా నెత్తినేసుకొని వాదించడం వాదయ్యకు సరదా. తనంత తెలివైనవాడు ఆ అడవిలో లేడని అతని నమ్మకం.

వాదయ్య కొమ్మ మీద కూర్చొని అంతా విన్నాడు.

"ఎడమచేత్తో గీశావా? ఎడమచేతి గీత ఒక గీతేనా అమ్మాయీ? పైగా నీకు అప్పుడు ఒళ్ళు బాగాలేదు. కన్నది నువ్వు. పద, నేను చూసుకుంటాను," అన్నాడు.

ఏనుగవ్వ కబురు పంపితే కాటుక మద్దిచెట్టు దగ్గరికి వచ్చింది. ఆమె వీపు మీద పిల్లవాడు ఉన్నాడు. ఎంత ఎదిగాడో. తుమ్మెద ఒక అడుగు ముందుకేసింది.

"మినుమూ," అని పిలిచింది.

వాడు తిరిగి చూడలేదు. కాటుక బొచ్చులో ముక్కు దూర్చి ఏదో వెతుక్కుంటున్నాడు.

"నేరేడూ, అటు చూడు నాన్నా. నిన్నే పిలుస్తోంది," అంది కాటుక మెల్లగా.

అప్పుడు వాడు తలెత్తి తుమ్మెదను చూశాడు. కొత్తవాళ్ళను చూసినట్టు చూశాడు. వాడి పేరు ఇప్పుడు నేరేడని తుమ్మెదకు అప్పుడే తెలిసింది.

వాదయ్య ఎడమచేతి గీత గురించి చాలాసేపు వాదించాడు. ఏనుగవ్వ చెవులు ఊపుతూ చివరిదాకా విన్నది.

"ఏ చేత్తో గీసినా, మనసు తెలిసే గీసింది. నేను చూశాను. ఇచ్చిన బిడ్డల్ని ఏడాదికోసారి వెనక్కి పంపిస్తుంటే, రేపు దిక్కులేని పిల్లను ఒళ్ళోకి తీసుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? బిడ్డ కాటుక దగ్గరే ఉంటాడు." ఇలా అని, గొంతు తగ్గించి మళ్ళీ అంది: "తుమ్మెదా, నువ్వు తప్పు చేశావని కాదు. ఆ రోజు నువ్వు ఇవ్వకపోతే ఇవాళ మనం మాట్లాడుకోవడానికి వాడు ఉండేవాడు కాడు."

తుమ్మెద తల వంచుకొని వచ్చేసింది. దారిలో వాదయ్య కొమ్మల మీద దూకుతూ వెంటపడ్డాడు. తన వాదం ఓడిపోయిందని అతనికి చాలా కోపంగా ఉంది.

"కాటుక పుట్టలు తవ్వడానికి వెళ్ళేటప్పుడు వాణ్ణి తునికిచెట్టు మీద కూర్చోబెడుతుంది. ఆ వేళకు వెళ్ళు. ఏరు దాటించావంటే ఇంకెవరూ అడగరు."

"తప్పు కదా," అంది తుమ్మెద.

"నీ బిడ్డను నువ్వు తెచ్చుకోవడం తప్పెలా అవుతుంది?"

మూడు రోజులు తుమ్మెద తనతో తను పోట్లాడింది. నాలుగో రోజు పొద్దు పొడవగానే ఒక తేనెపట్టు ముక్క పట్టుకొని తునికిచెట్టు దగ్గరికి వెళ్ళింది. నేరేడు ఒక్కడే కొమ్మ మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. తేనె వాసనకు సరసరా దిగివచ్చాడు. మూతి నిండా పూసుకొని తిన్నాడు. తుమ్మెద వంగితే వీపు మీద ఎక్కేశాడు. ఆ బరువు తగలగానే ఆమె కళ్ళు చెమర్చాయి.

కొంతదూరం వాడు హుషారుగానే వచ్చాడు.

"మనం అమ్మ దగ్గరికేనా వెళ్తున్నది?" అని అడిగాడు.

"నేనే అమ్మను కన్నా."

వాడికి నవ్వొచ్చింది. "కాదు. మా అమ్మ చెవి చిరిగి ఉంటుంది. నీ చెవులు రెండూ బాగున్నాయి."

తుమ్మెద నడుస్తూనే ఉంది. ఇంకొంచెం దూరం పోయాక వాడు దిగుతానన్నాడు. దించలేదు. ఏడ్చాడు. ఆమె నడక పెంచింది. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. వీపు మీద పిల్లవాడు కదలకుండా, చప్పుడు లేకుండా పడుకున్నాడు.

తుమ్మెద ఆగిపోయింది. బిడ్డ ఏడవడం మానేస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

అప్పుడే గుట్ట అవతల నుంచి ఒక పిలుపు వినిపించింది. కాటుక పిలుస్తోంది. పిలిచి, ఆగి, బదులు రాకపోతే మళ్ళీ పిలుస్తోంది. ఏటివైపు కాదు, వేరే వైపు వెతుక్కుంటూ పోతోంది. పిలుపు కొంచెం కొంచెంగా దూరమవుతోంది. అవతలి కొండ మీద మొదటి రోజుల్లో తను కూడా అలాగే పిలిచింది. అప్పుడు ఆ పిలుపు వినేవాళ్ళే లేరు.

"అమ్మ నన్ను వెతుకుతోంది," అన్నాడు నేరేడు, వినపడీ వినపడనట్టు.

తుమ్మెద వెనక్కి తిరిగింది.

పైనున్న కొమ్మ మీద నుంచి వాదయ్య అరిచాడు. "ఏరు అదిగో, కనపడుతోంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు తిరుగుతావేం?"

"నువ్వు కొమ్మ మీద ఉన్నావు వాదయ్యా," అంది తుమ్మెద. "బిడ్డ నా వీపు మీద ఉన్నాడు. వాడు ఎలా ఊపిరి పీలుస్తున్నాడో నాకు తెలుస్తోంది."

ఆమె పిలుపు వచ్చినవైపు పరుగెత్తింది. ఒక రాతిబండ దగ్గర ఎదురుపడగానే కాటుక రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. గోళ్ళు బయటికి వచ్చాయి. తుమ్మెద పిల్లవాణ్ణి కిందికి దించి, నాలుగడుగులు వెనక్కి జరిగి, నేలకు తల ఆన్చింది.

"నేనే తీసుకుపోయాను అక్కా. నేనే తెచ్చాను. కొడితే కొట్టు."

నేరేడు ఒక్క ఉరుకున కాటుక పొట్ట కిందికి దూరిపోయాడు. కాటుక వాణ్ణి తల నుంచి తోక దాకా వాసన చూసింది. మళ్ళీ చూసింది. కొట్టడానికి చెయ్యి ఎత్తింది గాని, ఎత్తిన చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది.

"వెళ్ళు," అంది.

"వెళ్తాను. ఒక్కటి చెప్పు. వాడు సరిగ్గా తింటాడా?"

కాటుక పిల్లవాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది. తుమ్మెద లేచి వెళ్ళబోతుంటే అప్పుడు అంది: "తింటాడు. రేగుపళ్ళంటే ఇష్టం. గింజలు ఉమ్మేయడం ఇంకా రాదు, మింగేస్తాడు. ఉరుములంటే భయం. ఉరిమితే నా చంకలో ముక్కు పెట్టి పడుకుంటాడు."

తుమ్మెద ఒక్కో మాటా మింగుతున్నట్టు విన్నది.

"నువ్వు అవ్వ దగ్గరికి వెళ్ళినప్పటి నుంచి నాకు నిద్ర లేదు," అంది కాటుక. "పుల్ల విరిగినా నువ్వే వచ్చావనుకునేదాన్ని. నేను తిండి మానేసి కాపలా కాస్తుంటే వీడూ చిక్కిపోయాడు. ఇవాళ ఆకలికి ఆగలేకే వెళ్ళాను."

తుమ్మెద అక్కడి నుంచి తిన్నగా ఏనుగవ్వ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఏనుగవ్వ కోప్పడింది. ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమి దాకా రాళ్ళ గుట్ట వైపు రాకూడదని కట్టడి చేసింది. తుమ్మెద ఒప్పుకుంది. దొంగతనానికి దారి చూపించింది వాదయ్యేనని తెలిశాక, అడవిలో ఎవరూ తమ తగవు అతని దగ్గరికి తీసుకుపోలేదు. కొమ్మ మీద ఒక్కడే కూర్చొని ఆకులతో వాదించుకోవాల్సి వచ్చింది.

రెండో పున్నమి దాటిన మర్నాడు ఒక ముళ్ళపంది కబురు తెచ్చింది. "కాటుక రమ్మంది. రేగు పొదల దగ్గరికి. చాటుగా వస్తావేమోనని కాపలా కాయడం కన్నా కళ్ళెదుట ఉండటమే నయమంది. దూరంగా కూర్చోవాలట."

తుమ్మెద వెళ్ళింది. చెప్పినట్టే దూరంగా కూర్చుంది. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. పిల్లవాడు ఆమెను చూసి కాటుక వెనక దాక్కునేవాడు. తుమ్మెద పిలవలేదు, దగ్గరికి జరగలేదు. పళ్ళు ఏరి, గింజలు తీసేసి, ఒక రాతి మీద పెట్టి వచ్చేసేది.

కొన్నాళ్ళకు ఆ రాయి దగ్గరికి నేరేడు వచ్చాడు. ఇంకొన్నాళ్ళకు ఆమె దగ్గరికే వచ్చాడు.

"నిన్ను ఏమని పిలవాలి?" అన్నాడు.

తుమ్మెద కాటుక వైపు చూసింది. కాటుక కాసేపు నేల గీరింది. "పిన్ని అను," అంది.

ఆ రోజు తుమ్మెదకు కడుపు నిండిపోయింది. అమ్మ అనే మాట కోసం ఇంత దూరం వచ్చింది గాని, పిన్నీ అని వాడు నోరారా పిలుస్తుంటే చాలనిపించింది. అవతలి కొండ వదిలేసి ఏటికి ఇవతలే గుహ చూసుకుంది. కాటుక పుట్టలు తవ్వడానికి వెళ్తే తుమ్మెద పిల్లవాణ్ణి చూసేది. తుమ్మెద తేనె తెస్తే ముగ్గురూ తినేవారు. కాటుక మళ్ళీ ఒళ్ళు చేసింది. హాయిగా నిద్రపోయేది.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. ఒక సాయంత్రం పూలు ఏరుకుంటూ కాటుక వాడికి అంతా చెప్పింది. "నిన్ను కన్నది పిన్ని. పాలు లేక నా దగ్గరికి తెచ్చింది," అంది.

నేరేడు తుమ్మెద దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నన్నెందుకు ఇచ్చేశావు? నేను అల్లరి చేశానా?"

"లేదు నాన్నా," అంది తుమ్మెద. వాడి తల నిమిరింది. "నువ్వు బంగారంలా ఉండేవాడివి. నా దగ్గర నీకు పెట్టడానికి ఏమీ లేదు. ఉంటే ఇచ్చేదాన్ని కాదు."

వాడు నోట్లో పువ్వు నములుతూ చాలాసేపు ఆలోచించాడు.

"అయితే ఇప్పుడు నేను ఏడిస్తే మీరిద్దరూ వస్తారా?"

"ఇద్దరం వస్తాం," అంది కాటుక.

"ఎవరు ముందొస్తారు?"

తుమ్మెద, కాటుక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవరు దగ్గరుంటే వాళ్ళు," అంది తుమ్మెద.

"అయితే ఒకసారి ఏడ్చి చూస్తానుండండి," అని నేరేడు కళ్ళు గట్టిగా మూసుకొని నోరు తెరిచాడు. ఎంత ప్రయత్నించినా వాడికి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది.

నీతి: బిడ్డ నాకు కావాలని పట్టుబట్టే ముందు, బిడ్డకు ఏం కావాలో చూడాలి. అలా చూసినవారికి ఆ బిడ్డ దగ్గర చోటు దొరుకుతుంది.